కనిపెట్టుకుని ఉండడం

1980ల నడుమ దాకా ప్రపంచంలో పేరున్న ఆసుపత్రుల్లో సైతం, నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డుకు గుండె ఆపరేషను చేయవలసి వస్తే నొప్పి తెలియకుండా మందు చాలాచోట్ల ఇచ్చేవారు కారు. ఇచ్చినా అంతంతమాత్రమే. ఒళ్ళు కదలకుండా చేసే మందు మాత్రం ఇచ్చేవారు. అది పడ్డాక బిడ్డ కాళ్ళు తన్నుకోలేదు, కేరుమనలేదు, కనీసం కనుబొమ ముడవలేదు. చూసేవాళ్ళకు బిడ్డ హాయిగా ఉన్నట్టే ఉండేది. ఆ పని చేసినవాళ్ళు కసాయివాళ్ళు కారు; పసిప్రాణాలు నిలబెట్టడానికి నిద్ర మానుకున్న వైద్యులు. వాళ్ళ వాదనలు వాళ్ళకున్నాయి. అంత లేత ఒంటికి మత్తుమందు ప్రమాదమన్నారు. నరాల మీది పొర ఇంకా పూర్తిగా కట్టుకోలేదు కాబట్టి నొప్పి తెలియదన్నారు. తెలిసినా గుర్తుండదన్నారు. ఇండోరులో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డు వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్ అక్కడి శిశు విభాగంలో పనిచేస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. థియేటరుకు వెళ్ళేటప్పుడు కుదురుగా ఉన్న పిల్లలు తిరిగొచ్చేసరికి పాలిపోయి, ఊపిరి పైపైన ఆడుతూ, నాడి నీరసించి ఉంటున్నారు. ఇదంతా కోత వల్లనేనా, కోసేటప్పటి బాధ వల్ల కూడానా అన్నది అతని ప్రశ్న. మామూలు పద్ధతిలో ఆపరేషను చేసిన పిల్లలనూ, దానికి తోడు ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందు ఇచ్చిన పిల్లలనూ పోల్చి, రక్తంలో ఒత్తిడి హార్మోన్లు కొలిచి, సహచరులతో కలిసి 1987లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. మందు అందిన పిల్లల్లో ఆ హార్మోన్ల పొంగు తగ్గింది, ఆపరేషను తర్వాతి చిక్కులూ తగ్గాయి. దానితో పాత వాదనల కాళ్ళు విరిగాయి.

ఈ కథలో లోపించింది ఏమిటన్నది నన్ను వదలని ప్రశ్న. దయ లోపించిందనలేం. చదువు లోపించిందనీ అనలేం. ఆ వాదనలన్నీ చదువు పుట్టించినవే. పాలిపోయిన బిడ్డలు అంతకుముందు కూడా రోజూ అదే తలుపులోంచి తిరిగొచ్చారు. చూపు వాళ్ళ మీద పడుతూనే ఉంది, నిలవలేదు. తెలుగులో దీనికి ఒక మంచి మాట ఉంది, మనం దాన్ని రెండు పనులకు వాడుతూ ఆ రెండూ ఒకటేనని గుర్తించం. ఎవరికీ తెలియనిదాన్ని బయటికి తీస్తే ‘కనిపెట్టాడు’ అంటాం. మంచాన పడ్డ మనిషి గురించి ‘రాత్రికి కాస్త కనిపెట్టుకుని ఉండు’ అంటాం. మొదటిది ప్రయోగశాలకు, రెండోది పెరటి కొట్టానికీ జబ్బుగది మంచానికీ వదిలేశాం. ఒకదానికి బహుమతులున్నాయి, రెండోదానికి జీతం కూడా సరిగా లేదు. ఆనంద్ చేసిన పని మాత్రం ఈ రెండు అర్థాల్లోనూ కనిపెట్టడమే. సంరక్షణ అనేది ముందు ఒక రకం తెలుసుకోవడం, ఆ తర్వాతే ఒక రకం ప్రేమ అన్నది నా వాదన. వరస తారుమారైతే ప్రేమ కూడా ప్రాణం తీస్తుంది. ‘కంటికి రెప్పలా చూసుకున్నాం’ అని గర్వంగా చెప్పుకుంటాం గాని, రెప్పకున్న పనుల్లో కన్ను మూయడం కూడా ఒకటి.

ప్రాణం తీస్తుందన్నది అతిశయోక్తి కాదు. పక్షవాతం వచ్చిన మనిషికి మింగడం కష్టమవుతుంది. ముద్ద గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అలాంటి మనిషిని పడుకోబెట్టే, ‘ఒంట్లో శక్తి ఉండాలి, ఇంకొక్క ముద్ద’ అని కొసరి తినిపించే చేతుల్లో ప్రేమకు కొదవ ఉండదు. మంచినీళ్ళు తాగిన తర్వాత అతని గొంతు తడితడిగా, గురగురమంటూ మారుతోందా అని చెవి పెట్టే మనిషి ఆ ఇంట్లో ఒకరుంటే ముద్ద ఆగుతుంది, కూర్చోబెడతారు, డాక్టరును అడుగుతారు. కొసరడం మన మర్యాద. ఆగి వినడం మర్యాదల్లో లేదు. పశువుల విషయంలో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. నొప్పితో, వాపుతో కుంటే ఆవుకూ ఎద్దుకూ డైక్లోఫెనాక్ సూది వేయడం 1990లలో మన దేశమంతా పాకింది. చవకైన మందు, పశువుకు వెంటనే ఉపశమనం. అంతకంటే దయగల పని ఏముంటుంది? ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి రాలిపోయాయి. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపల వెయ్యికి ఒక్కటిగా మిగిలాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే పక్షి శాస్త్రవేత్త గూళ్ళు లెక్కపెడుతూ, తగ్గుతున్నాయని ముందుగా పట్టుకున్నాడు. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది, 2006లో పశువులకు వాడకం నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవి పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్ళు కనబడితే పండగ చేసుకోవలసిన స్థితికి వచ్చాం. నొప్పి తగ్గించాలనుకున్న చేతిది తప్పని నేననను. ఆ చేతి వెనుక కళ్ళు ఏళ్ళ తరబడి ఆలస్యంగా తెరుచుకున్నాయి.

ఈ విద్య కొత్తదేమీ కాదు. గేదెల్ని సాకే ఆడవాళ్ళకు ఇది పుస్తకం లేకుండానే వచ్చింది. ముట్టె మీద తడి ఆరితే, నెమరు ఆపితే, చెవులు వాలేస్తే, కుడితి తొట్టి దగ్గరికి వచ్చి మూతి పెట్టకుండా నిలబడితే, పేడ పలచబడితే ఏదో మొదలైందని వాళ్ళకు థర్మామీటరు కంటే ముందే తెలుస్తుంది. కొత్త మనిషి పొదుగు దగ్గర కూర్చుంటే గేదె చేపదన్నది పల్లెలో అందరికీ తెలిసిన మాట. దూడ మూతి తగిలి, తెలిసిన చెయ్యి తగిలితేనే పాలు దిగుతాయి. అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రవేత్తలు 1941లో ఇదే మాటకు శరీరధర్మం చెప్పారు: పొదుగులో పాలు దించే హార్మోను ఒకటుంది, భయపడితే పుట్టే అడ్రినలిన్ దాన్ని అడ్డుకుంటుంది. భయపెట్టడానికి వాళ్ళు ఆవుల దగ్గర కాగితం సంచులు పేల్చారట. మన పాకల్లో ఆ ఖర్చు లేదు, బెదిరించే మనిషి ఉంటే చాలు. చేపడానికి కావలసిన ఓపిక లేనివాడు ఆ హార్మోను సూది పట్టుకున్నాడు. పశువు ఆరోగ్యం చెడేలా పాల కోసం సూది వేయడాన్ని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షనులో నేరం చేశారు. చట్టం సూదిని పట్టుకోగలదు. ఆ సూది ఏ ఓపికకు బదులుగా వచ్చిందో దానికి కనబడదు.

గేదె ఎద సంగతి ఇంకా సూక్ష్మం. ఆవు ఎదకొస్తే అరుస్తుంది, తోటి పశువుల మీద ఎక్కుతుంది, చూసినవాడికల్లా తెలుస్తుంది. గేదెకు, అందులోనూ ఎండాకాలంలో, ఆ లక్షణాలు పైకి అంతగా కనబడవు. జిగురు తీగలు కాస్త వేస్తుంది, మేత ఒక పూట తగ్గిస్తుంది, పాలు కొద్దిగా తగ్గుతాయి, అదీ రాత్రి చల్లబడ్డాక. చూడకపోతే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. అలా రెండు మూడు సార్లు దాటిపోతే ఆ ఏడు దూడా లేదు, పాలూ లేవు. పశువైద్యులు దీనికి పెట్టుకున్న పేరు ‘మూగ ఎద’. ఆ పేరు చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. చెప్పవలసిందంతా గేదె చెప్పింది. తెల్లవారుజామున కొట్టంలోకి పోయి చూడనివాడి లోటుకు గేదె మీద మూగ అని ముద్ర వేశాం. ‘మూగజీవాలు’ అన్న మాటలోనే ఈ తప్పించుకోవడం ఉంది, ఎంత జాలిగా పలికినా.

బ్రిటన్‌లో 516 మంది పాడి రైతుల్ని అడిగి 2009లో ప్రచురించిన ఒక సర్వే ఉంది. ఆవుల్ని పేరు పెట్టి పిలిచే కొట్టాల్లో ఒక్కో ఆవు ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ ఇస్తోందని తేలింది. దీన్ని పట్టుకుని ‘ప్రేమగా పిలిస్తే పాలు పొంగుతాయి’ అని రాసేసిన పత్రికలు కొల్లలు. నేనా పని చేయను. పేరు పలకగానే పాలు రావు. పేరు పెట్టే రైతు ఏ ఆవు ఏదో విడిగా గుర్తుపట్టగలవాడై ఉంటాడు. ఆ గుర్తుపట్టేవాడే పొదుగువాపును రెండు రోజులు ముందు పసిగడతాడు, కుంటు మొదలైన కాలును చూస్తాడు. సర్వే ఆ కారణాన్ని నిరూపించలేదు గనుక ఇది నా ఊహగానే ఉండనివ్వండి. మనుషుల ఆసుపత్రిలోనూ ఇదే తేడా కనబడుతుంది. ‘ఏడో నంబరు మంచం’ అని పిలిచే వార్డుకూ, మంచం మీది మనిషి నిన్న మాట్లాడిన తీరూ నేటి తీరూ గుర్తున్న వార్డుకూ మధ్య ఉన్న దూరం మందుల జాబితాలో కనబడదు.

నోరు విప్పి చెప్పనివాళ్ళ బాధను చదవగలమా అంటే, చదవగలమని గత నలభై ఏళ్ళు చెబుతున్నాయి. పసిబిడ్డ నొప్పిని కొలవడానికి ముఖం చూడాలని నేర్చుకున్నారు: కనుబొమలు ఉబ్బి ముడిపడతాయి, కళ్ళు గట్టిగా మూసుకుంటాయి, ముక్కు పక్క గీత లోతవుతుంది. 2010లో కెనడా పరిశోధకులు చిట్టెలుకలకు ఇలాంటి కొలమానమే తయారుచేశారు. నొప్పిలో ఎలుక కళ్ళు చిన్నవవుతాయి, ముక్కూ బుగ్గా ఉబ్బుతాయి, చెవులూ మీసాలూ స్థానం మారతాయి. ఆ తర్వాత గుర్రానికి, గొర్రెకు, పిల్లికి కూడా వచ్చాయి. మతిమరుపు జబ్బు ముదిరి మాట పోయిన ముసలివాళ్ళకు వాడే కొలమానంలోనూ ఊపిరి, మూలుగు, ముఖం, ఒళ్ళు బిగబట్టడం, ఓదారిస్తే తగ్గుతుందా లేదా అన్నవే ఉంటాయి. పసిబిడ్డ, గొర్రె, మతి తప్పిన ముసలాయన ముగ్గురూ ఒకే లిపిలో రాస్తున్నారు. మనిషికీ జంతువుకూ చేసే సేవ గురించి ఒకే వ్యాసంలో మాట్లాడే ధైర్యం నాకు ఇక్కడే వచ్చింది. లిపి చదవడం వచ్చినా కొన్ని అక్షరాలు దాక్కుంటాయి. ఆసుపత్రిలో మతి చెదిరి కేకలు పెట్టే రోగిని అందరూ పట్టించుకుంటారు. అదే జబ్బుతో నిశ్శబ్దంగా పడుకునే రోగిని ‘ఇవాళ బాగా నిద్రపోతున్నాడు’ అని దాటేస్తారు. పడక పుండు మొదలయ్యేచోట చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కితే ఆ ఎరుపు పోదు అని పాఠాల్లో ఉంటుంది. ఆ పాఠం తెల్లచర్మం చూసి రాసినది. మన చామనఛాయ మీద ఎరుపు కనబడదు. అక్కడ వేడి తగులుతోందా, గట్టిపడిందా అని వేళ్ళతో తడిమి చూడాలి. కనిపెట్టడం కంటితో అయిపోయే పని కాదు.

ఇక్కడ ఒక పెద్ద అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. జంతువు ముఖంలో మనం చదివేది మన ముఖాన్నే కదా? నిజమే, చదువుతాం. కుక్క చెప్పు కొరికి తలదించుకుని చూస్తే ‘తప్పు చేశానని దానికి తెలుసు’ అంటారు పెంచినవాళ్ళు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని పరీక్షించింది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ చూపుకు సంబంధం లేదు. యజమాని తిట్టినప్పుడు ఆ చూపు వస్తుంది. చేయని తప్పుకు తిట్టినా వస్తుంది. యజమానికి అది పశ్చాత్తాపంగా కనబడింది గాని, నిజానికి అది తిట్టుకు వచ్చిన జవాబు. అయితే ఈ పరీక్ష నా వాదనను కూలుస్తుందా? తప్పుగా చదివామని మనకు తెలిసింది కూడా కుక్కను ఇంకా శ్రద్ధగా, పరిస్థితులు మార్చి మార్చి చూడడం వల్లనే. పొరపాటు చూపుకు మందు మరింత చూపే, కళ్ళు తిప్పుకోవడం కాదు. అసలు ‘మన భావాలు వాటికి అంటగట్టకూడదు’ అన్న జాగ్రత్త ఒక దశ దాటితే ఎక్కడికి పోతుందో మొదటి పేరాలోనే చూశాం. పసిబిడ్డ ఏడుపును నొప్పి అనకూడదు, అది వట్టి ప్రతిచర్య అన్నవాళ్ళు కూడా శాస్త్రీయమైన జాగ్రత్తే పాటిస్తున్నామనుకున్నారు.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది: శ్రద్ధ ఖరీదైన వస్తువు. ముప్ఫై మందికి ఒక నర్సు ఉన్న వార్డులో, ఎకరం భూమితో ఈదే ఇంట్లో, కూలి మానుకుంటే పొయ్యి వెలగని చోట, కనిపెట్టుకుని ఉండండని ఉపదేశించడం సిగ్గుచేటు కాదా? సిగ్గుచేటే. కాబట్టి ఉపదేశించను. శ్రద్ధ గుణం అనుకున్నన్నాళ్ళూ దాన్ని జనం మీదికి నెట్టి చేతులు దులుపుకోవచ్చు. అది గంటల్లో కొలిచే వస్తువని లెక్కలు చెబుతున్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద నర్సింగు పరిశోధకురాలు లిండా ఏకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ ఆపరేషనైన రోగి నెల లోపల చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. ఆ నర్సుల గుండెలో దయ ఏడు శాతం తగ్గలేదు. తల తిప్పి చూసే తీరిక తగ్గింది. 1945లో రెనే స్పిట్జ్ అనే మనోవైద్యుడు రాసిన అనాథ శిశుసదనంలో ఆహారం, శుభ్రత, వైద్యం అన్నీ ఉన్నాయి. ఎనిమిది మంది దాకా పసివాళ్ళకు ఒక ఆయా. ఉయ్యాల మంచాల చుట్టూ దుప్పట్లు వేలాడదీసేవారు, పిల్లలకు ఇంటికప్పు తప్ప ఏమీ కనబడేది కాదు. రెండేళ్ళలో మూడో వంతుకు పైగా చనిపోయారు. ఆయన పోల్చి చూసిన జైలు శిశుశాలలో, ఖైదీ తల్లులు తమ బిడ్డల్ని తామే చూసుకున్నచోట, ఒక్కరూ చనిపోలేదు. స్పిట్జ్ పద్ధతిలో లోపాలున్నాయని తర్వాతివాళ్ళు ఎత్తిచూపారు, అది నిజం. కానీ 2000 తర్వాత బుకారెస్టులో 136 మంది అనాథాశ్రమ పిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిన పెంపుడు కుటుంబాలకు పంపి చూసినప్పుడు కూడా, కుటుంబానికి చేరినవాళ్ళ ఎదుగుదల మెరుగైంది, రెండేళ్ళు నిండకముందే చేరినవాళ్ళది మరింత.

పేదరికంలో శ్రద్ధ అసాధ్యమన్నదానికి రెండు జవాబులున్నాయి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టే ఆసుపత్రిలో ఎడ్గార్ రే అనే వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టించాడు. కంగారూ పద్ధతి అని పేరు వచ్చింది. పెట్టెలు లేక పుట్టిన ఉపాయం కదా, పెట్టెలున్నవాళ్ళకు అక్కర్లేదనుకున్నారు. 2021లో భారత్‌తో సహా అయిదు దేశాల్లో చేసిన పరీక్షలో, తక్కువ బరువుతో పుట్టి, వెంటనే తల్లి ఒంటికి చేర్చిన పిల్లల్లో నెల లోపలి మరణాలు 12 శాతం, ఆరోగ్యం కుదుటపడ్డాకే చేర్చినవాళ్ళలో 15.7 శాతం. రెండో జవాబు మనకు మరీ దగ్గరిది. ప్రాణహిత అవతలి ఒడ్డున గడ్చిరోలి జిల్లా. అక్కడి సిరొంచా వైపు తెలుగు వినబడుతుంది. ఆ జిల్లా పల్లెల్లో న్యుమోనియాతో పిల్లలు చనిపోతుంటే అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులకు ఊపిరి లెక్కపెట్టగలిగే మనుషులు కావలసి వచ్చారు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి అరవై, ఆపై ఏడాది లోపు వయసుకు యాభై దాటితే ప్రమాదం. మంత్రసానులకు అంత దాకా లెక్క రాదు. అందుకని పూసల చట్రం ఒకటి, నిమిషంలో ఇసుక జారే గాజు బుడ్డి ఒకటి కలిపి ఇచ్చారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా పూసలన్నీ అటు చేరితే బిడ్డకు న్యుమోనియా అని గుర్తు. అక్షరం రాని చేతులకు అది వచ్చింది. తర్వాత ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపిన నవజాత సంరక్షణలో మూడో ఏటికి పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లోనే వచ్చింది. ఇవాళ ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్ళే పద్ధతికి మూలం అదే. ఆ కార్యకర్తకు ఎంత ముడుతోందన్నది వేరే సంగతి అనుకుంటాం. వేరే కాదు. ఒక నిమిషం పాటు బిడ్డ పొట్ట వంక చూస్తూ కూర్చునే తీరికను కొనడానికి సమాజం ఎంత ఇస్తోందన్నదే ఆ సంగతి.

తీరిక లేనిచోట యంత్రాన్ని పెడుతున్నాం. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఊళ్ళో తల్లిదండ్రుల ఇంటికి కెమెరాలు బిగించి ఫోనులో చూసుకుంటున్నారు. పాడి ఆవు మెడకు పట్టీ కట్టి ఎన్నిసార్లు నెమరు వేసిందో లెక్కిస్తున్నారు. నేను వీటికి విరోధిని కాను. నెమరు తగ్గిందని పట్టీ చెబితే రైతు లేచి కొట్టంలోకి పోతాడు, మంచిదే. కెమెరాలో నాన్న కుర్చీలో కూర్చున్నాడని తెలుస్తుంది. పొద్దుటి నుంచీ అదే కుర్చీలో ఎందుకున్నాడో, లేవడానికి చెయ్యి ఎక్కడ ఆనించాడో తెలుసుకోవడానికి పక్కన మనిషి కావాలి. నిఘాకు తప్పు దొరికితే పని అయిపోతుంది. కనిపెట్టుకుని ఉండడంలో మాత్రం చూసినదానికి జవాబు చెప్పవలసిన బాధ్యత చూసినవాడి మీదే పడుతుంది. ఇంటెన్సివ్ కేర్‌లో అలారాలు మోగీ మోగీ చివరికి ఎవరికీ వినబడకుండా పోతాయని నర్సులకు తెలుసు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన నర్సింగు పుస్తకంలో గమనించడానికే ఒక అధ్యాయం కేటాయించింది. రోగి రాత్రి బాగా నిద్రపోయాడా అని అడగడం దండగ, ఎన్ని గంటలు, ఏ ఏ వేళల్లో అని అడగాలంటుంది ఆవిడ. కెమెరా వేసే ప్రశ్న ఎప్పుడూ మొదటిదే.

చివరి అభ్యంతరం వీధిలో రోజూ వినబడేది: మనుషులకే దిక్కులేదు, కుక్కలకూ గద్దలకూ శ్రద్ధ ఎక్కడిది? ఈ మాట అనేవాళ్ళ కోపంలో న్యాయం ఉంది. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతు మన దేశంలోనేనని అంచనా. వీధి కుక్కలకు బిస్కెట్లు వేసి, టీకా గురించి ఆలోచించకుండా ఇంటికి పోయేవాళ్ళ దయ కూడా నాకు డైక్లోఫెనాక్ లాంటిదే. గోవాలో చేసిన పని వేరు. ఏటా వల వేసి కుక్కల్ని పట్టి, టీకా వేసి, రంగు గుర్తు పెట్టి, ఏ వీధిలో ఎన్ని మిగిలాయో ఫోను యాప్‌లో రాసుకుంటూ నూటికి డెబ్భైని చేరుకోవడానికి శ్రమించారు. 2018 నుంచి కొన్నేళ్ళపాటు అక్కడ రేబిస్‌తో చనిపోయిన మనిషి నమోదు కాలేదు. కుక్కను శ్రద్ధగా చూసినందుకు బతికినవాళ్ళు మనుషులు. రాబందుల లెక్క ఇంకా నిర్ఘాంతపరుస్తుంది. అవి పోయాక కళేబరాలు కుళ్ళి, నీళ్ళు చెడి, కుక్కలు పెరిగి, 2000-2005 మధ్య మన దేశంలో దాదాపు అయిదు లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2024లో లెక్కగట్టారు. ‘ముందు మనుషులు, తర్వాత జంతువులు’ అని గీసిన క్యూలో మనుషులే చచ్చారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండోది మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించడం గురించి, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించడం గురించి, బాటల పక్క ఇద్దరి కోసమూ చెట్లు వేయించి బావులు తవ్వించడం గురించి చెబుతుంది. రెండింటినీ ఒకే ఊపిరిలో. రాజు నిజంగా ఎన్ని బావులు తవ్వించాడో బండ చెప్పదు. దయ అనే మాట దగ్గర ఆగకుండా ఏ మొక్క ఎక్కడ లేదని చూడాలన్న ఆలోచన మాత్రం ఆ రాతలో ఉంది.

ఇంతసేపూ చూసేవాళ్ళం మనమే అన్నట్టు రాశాను. అది పూర్తిగా నిజం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు అడిగితే గిట్టతో తట్టి సరైన అంకె దగ్గర ఆగేది. జనం విరగబడ్డారు, పండితుల కమిషన్ వచ్చింది. 1907లో ఆస్కార్ ఫంగ్స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు అసలు రహస్యం బయటపెట్టాడు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల కంటికి ఆనీ ఆననంత కదులుతుంది. అది అడిగినవాడికి తెలియదు, గుర్రానికి తెలుసు. రహస్యం తెలిసిన తర్వాత ఫంగ్స్ట్ తన తలను తానే ఆపుకోలేకపోయాడు. గుర్రానికి లెక్కలు రావని తేల్చి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. తన ఎదుట నిలబడ్డ ప్రతి మనిషినీ, ఆ మనిషికే తెలియని కదలిక దాకా కనిపెట్టిన ఆ ప్రాణి విలువ అంతటితో పడిపోయింది. 1909లో ఓస్టెన్ పోయాడు, హాన్స్ చేతులు మారింది. యుద్ధం వచ్చాక దాన్ని సైన్యానికి తోలుకుపోయారంటారు. 1916 తర్వాత దాని జాడ ఎవరూ రాసి ఉంచలేదు.